ప్రయాణమునకు ముందు సైకిలు

థామస్ స్టీవెన్సు ఇంగ్లండులో పుట్టి అమెరికాకు వలసపోయిన యువకుడు. 1884వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన అతడు శాన్‌ఫ్రాన్సిస్కోనుండి సైకిలుపై బయలుదేరి, పెక్కు దేశములు దాటి, 1886 డిసెంబరు 17వ తేదీన జపానులోని యొకొహామా రేవు చేరెను. నడుమ లాహోరునుండి కలకత్తావరకు గ్రాండ్‌ట్రంకు రోడ్డు మీదుగా సాగెను. సైకిలుపై భూగోళమును చుట్టిన మొదటివాడు అతడే.

ఆతని సైకిలు నేటి సైకిలువంటిది కాదు. ముందుచక్రము 50 అంగుళముల యెత్తు. వెనుకచక్రము మిక్కిలి చిన్నది. గొలుసు లేదు. పెడళ్లు ముందుచక్రపు ఇరుసునకే బిగించి యుండెను. పెడలు ఒక్క చుట్టు తిరిగిన బండి సుమారు 13 అడుగులు సాగును. చక్రము పెద్దదైనకొలది వేగము హెచ్చును. కాని కాలు పెడలును అందుకొనవలయును గదా! కావున ఆ కాలమున సైకిలు కొనువాడు ముందుగా తన కాలిపొడవును చూచుకొని, దానికి తగిన చక్రమును ఎన్నుకొనెడివాడు. సామానునకు చోటును తక్కువే. స్టీవెన్సు మేజోళ్లను, ఒక మారుచొక్కాను, ఒక చిన్న పిస్తోలును, వానకోటును మాత్రమే వెంట గొనిపోయెను. ఆ వానకోటే రాత్రులందు గుడారమును, పక్కయు నయ్యెను.

1885లో జాన్ కెంప్ స్టార్లీ గొలుసుతో నడచు సైకిలును రూపొందించెను. అంతట చక్రమునకు కాలికొలతతో పని తీరినది. ఆ కొలత సీటునకు మారినది. సీటుపై కూర్చుండి, క్రిందనున్న పెడలుపై మడమ నుంచినప్పుడు కాలు చక్కగా సాగవలయును. పిమ్మట మునిపాదముతో తొక్కినచో మోకాలు కొంచెము వంగియుండును. ప్రయాణమున తొడుగు చెప్పులతోనే దీనిని చూచుకొనవలయును. సీటు మరీ తగ్గిన మోకాలిచిప్ప నొచ్చును; మరీ హెచ్చిన నడుము ఇటునటు ఊగును. సీటు గొట్టమును దానిపై గీచిన మేరకు మించి పైకి లాగరాదు. చట్రమే తన యెత్తునకు పెద్దదైనచో సీటు దించి లాభము లేదు. వేరొక సైకిలు చూచుకొనుటయే మేలు.

టైర్ల సంగతి ఇంతకంటె చిక్కైనది. ఒక టైరుపై 26 × 1⅜ అనియు, మరియొకదానిపై 26 × 1.75 అనియు ఉండును. అంగడివాడు రెండును ఇరువదియారే యనును. కాని మొదటిది 590 మిల్లీమీటర్ల రిమ్మునకును, రెండవది 559 మిల్లీమీటర్ల రిమ్మునకును చెందినవి. చిన్నది ఎంత లాగినను ఎక్కదు. పెద్దది ఎక్కినను నిలువదు. టైరు ప్రక్కన 37-590, 47-559 అను తీరున మరియొక గురుతు ఉండును. అందు మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది రిమ్ము కొలత. ఆ రెండవ అంకెయే నమ్మదగినది. దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు అడవిదారిలో సాయంకాలమున టైరు చినిగినవానికి ఆ 31 మిల్లీమీటర్ల భేదము ఎంత పెద్దదో అప్పుడు తెలియును. పంపుమూతి వాల్వునకు సరిపోవునో లేదో కూడ ఇంటివద్దనే గాలి కొట్టి చూడవలయును.

దసరానాడు సైకిలునకు కుంకుమబొట్టు పెట్టుట మరువనివారు కూడ క్యారియరు బోల్టును చూడరు. అది లోపలికి పొడవుగా వచ్చినచో గొలుసును రాయును. సంచి ముందునకున్న మడమ తగులును. మరీ వెనుకకు జరిపిన హ్యాండిలు తేలిపోవును. మడ్‌గార్డునకును టైరునకును నడుమ వ్రేలు దూరునంత సందు లేనిచో, వానకాలపు నల్లరేగడి మన్ను అందు చిక్కుకొని చక్రమును తిరుగనీయదు.

ఇవి యన్నియు తెలియుటకు బయలుదేరుటకు రెండు వారములముందు, సామాను పూర్తిగా కట్టి, ముప్పది కిలోమీటర్లు తొక్కి రావలయును. ఇంటికి రాగానే ప్రతి బోల్టును చేతితో కదలించి చూడవలయును. వదులైనది బిగించుటకును, సరిపడనిది మార్చుకొనుటకును ఇంకను పదునాలుగు దినములు చేతిలో నుండును.