భిలాయి చిట్టెం చెప్పే పాఠం

పల్లెలో కమ్మరి కొలిమి చూసి పెరిగినవారికి చిట్టెం అనే మాట కొత్త కాదు. ఇనుమును కరిగించినప్పుడు దాని నుండి వేరుపడే మాలిన్యమే చిట్టెం. కొలిమికి అది పనికిరానిదే. కాని ఆయుర్వేద వైద్యులు ఏళ్ల తరబడి నేలలో పడివున్న పాత చిట్టెంను ఏరి తెచ్చి, శుద్ధిచేసి, మండూర భస్మం తయారుచేసేవారు. చిట్టెం ఎంత పాతదైతే అంత శ్రేష్ఠమని వారి అభిప్రాయం. ఒకరు పారవేసిన దానిని మరొకరు ముడిపదార్థంగా స్వీకరించడం మనకు అరువు తెచ్చుకున్న భావం కాదని దీనివల్ల విశదమవుతుంది.

పరిశ్రమలు పర్యావరణానికి హాని చేయకుండా ఎట్లా నడవాలి, నగరాలు ప్రకృతి వనరులను హరించకుండా ఎట్లా జీవించాలి అనే ప్రశ్నలు నేడు ప్రపంచమంతటా చర్చకు వస్తున్నాయి. చిట్టెం సూత్రం ఒక పెద్ద నగరంలో ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి భిలాయి చక్కని ఉదాహరణ.

ఉక్కునగరం అవతరణ

నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని దుర్గ్ జిల్లాలో భిలాయి ఉన్నది. 2000 నవంబరు 1 వరకు ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లో భాగం. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 1967 నాటికి 25 లక్షల టన్నులకు, 1988 నాటికి 40 లక్షల టన్నులకు విస్తరించింది. దేశంలో రైళ్లు నడిచే పట్టాలలో అధికభాగం ఇక్కడ తయారైనవే.

ఇంత పెద్ద కర్మాగారానికి ఆహారం చుట్టుపట్ల నేల నుండే రావాలి. ఇనుప ఖనిజం దల్లీ-రాజ్‌హరా కొండల నుండి వస్తున్నది. ఈ కొండలలోని ఖనిజ సంపదను భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ 19వ శతాబ్దపు చివరి దశకాలలోనే గుర్తించారు. సున్నపురాయి నందినీ గనుల నుండి, నీరు తాందులా జలాశయం నుండి, తరువాతి కాలంలో మహానదిపై నిర్మించిన రవిశంకర్ సాగర్ నుండి లభించాయి. ఈ నీరే ఛత్తీస్‌గఢ్ రైతుల వరిపొలాలకు కూడా ఆధారమన్నది మరువరాదు.

పనిచేయడానికి మనుషులు మాత్రం దేశం నలుమూలల నుండి వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఇక్కడ స్థిరపడ్డాయి. సెక్టార్ 5 లోని బాలాజీ ఆలయం వారి ఉనికికి ఒక గుర్తు. బెంగాలీ, మలయాళీ, పంజాబీ, ఛత్తీస్‌గఢీ కుటుంబాలు ఒకే వీధిలో నివసించే ఈ నగరాన్ని చిన్న భారతదేశమని పిలవడం వాడుక.

వ్యర్థం నుండి సిమెంటుకు

బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుప ఖనిజం, కోకు బొగ్గు, సున్నపురాయి పొరలు పొరలుగా వేసి, కింది నుండి వేడిగాలిని ఊదుతారు. ఖనిజంలోని ఇసుక, మట్టి అంశాలు సున్నంతో కలిసి కరిగి, ద్రవ ఇనుముపై తెట్టెగా తేలుతాయి. అదే చిట్టెం. మన దేశపు ఖనిజంలో మట్టి పాలు ఎక్కువ గనుక టన్ను ఇనుముకు ఇంచుమించు 300 నుండి 400 కిలోల చిట్టెం వస్తుంది. దానిని నెమ్మదిగా చల్లారనిస్తే రాయిలా గడ్డకట్టి గుట్టలుగా పేరుకొని పోతుంది.

1862లో జర్మనీకి చెందిన ఎమిల్ లాంగెన్ ఒక విషయం కనుగొన్నాడు. కరిగిన చిట్టెంను నీటితో ఒక్కసారిగా చల్లార్చితే అది గాజువంటి రేణువులుగా మారుతుంది. మెత్తగా నూరి సున్నంతోను నీటితోను కలిపితే సిమెంటులా గట్టిపడుతుంది. ఈ గుణం ఆధారంగానే చిట్టెం సిమెంటు పుట్టింది. భిలాయి పక్కనే ఉన్న జాముల్‌లో ఎ.సి.సి. సంస్థ 1965లో సిమెంటు కర్మాగారం నెలకొల్పింది. ఉక్కు కర్మాగారం విడిచిపెట్టేది ఈ కర్మాగారానికి ముడిసరుకైంది. భారత ప్రమాణాల ప్రకారం ఈ సిమెంటులో చిట్టెం 25 నుండి 70 శాతం వరకు ఉండవచ్చు.

దీనివల్ల కలిగే మేలు ఎంతటిదో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చు. మామూలు సిమెంటుకు మూలమైన క్లింకరును తయారుచేయాలంటే సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి. టన్ను క్లింకరుకు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. ఆ క్రమంలో రాయి నుండి, ఇంధనం నుండి కలిపి 800 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరుతుంది. ఒక ఇంటికి 400 బస్తాలు, అనగా 20 టన్నుల సిమెంటు పట్టిందనుకుందాం. అందులో సగం చిట్టెమైతే దాదాపు 10 టన్నుల క్లింకరు ఆదా అవుతుంది. అంటే 15 టన్నుల సున్నపురాయి కొండలోనే మిగులుతుంది. ఇంచుమించు 8 టన్నుల వాయువు పుట్టకుండా ఆగుతుంది. సముద్రతీరాలలోను, ఉప్పునేలలలోను ఈ సిమెంటు ఎక్కువ కాలం నిలుస్తుందన్నది మరొక లాభం.

అయితే చిట్టెం సిమెంటు తొలిరోజులలో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు నీరు పట్టాలంటే, దీనికి 10 నుండి 14 రోజులు పట్టవలసి ఉంటుంది. తొందరపడి తడపడం మానివేసి, పగుళ్లు వచ్చిన తరువాత సిమెంటును నిందించడం న్యాయం కాదు. నూతన పదార్థం వచ్చినప్పుడు దానికి తగిన ఓర్పు కూడా మనిషి అలవరచుకోవాలి.

వేడిని వృథా పోనివ్వరాదు

ఘనపదార్థమే కాదు, వాయువు కూడా వ్యర్థమే కావచ్చు. ఫర్నేసు పైభాగం నుండి వెలువడే విషవాయువును శుద్ధిచేసి, కర్మాగారంలోనే ఇంధనంగా మండిస్తారు. ఈ దారిలో మన విశాఖ ఉక్కు కర్మాగారం మరొక అడుగు ముందుకు వేసింది. ఎర్రగా కాలిన కోకుపై నీరు చల్లి ఆర్పడం పూర్వపు పద్ధతి. ఆ వేడి అంతా ఆవిరై ఆకాశంలో కలిసిపోయేది. విశాఖలో నీటికి బదులు నత్రజనిని పంపి కోకును చల్లబరచి, ఆ వేడితో ఆవిరిని, దానితో విద్యుత్తును ఉత్పత్తి చేస్తారు. దేశంలో ఈ పద్ధతిని మొదట అనుసరించినది విశాఖ కర్మాగారమే. గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్న అక్కడి ఫర్నేసుల చిట్టెం కూడా సిమెంటు కర్మాగారాలకే చేరుతున్నది.

తీరని సమస్యలు

ఇంతటితో సమస్య తీరిందని భావించరాదు. ఇనుమును ఉక్కుగా మార్చేటప్పుడు వచ్చే చిట్టెం వేరొక రకం. అందులో కలవక మిగిలిన సున్నం తేమ తగిలితే ఉబ్బుతుంది. అందువల్ల దానిని నేరుగా వాడడానికి వీలులేదు. దానిని శుద్ధిచేసి రహదారులకు వాడవచ్చునని 2022లో సూరత్ సమీపంలోని హజీరాలో వేసిన రోడ్డు నిరూపించింది.

అంతకంటె గంభీరమైన విషయం బొగ్గు. ఈ పద్ధతిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. చిట్టెం సిమెంటు సున్నపురాయిని ఆదా చేస్తుందే గాని, ఫర్నేసులో కాలే బొగ్గును తగ్గించదు. స్వీడన్‌లో 2021లో బొగ్గుకు బదులు ఉదజనితో ఉక్కు తయారుచేసి చూపారు. అటువంటి మార్గాలు వ్యాపించిననాడు నేటి చిట్టెం కూడా తగ్గిపోతుంది. ఒక వ్యర్థంపై ఆధారపడిన పరిష్కారం ఆ వ్యర్థం ఉన్నంతకాలమే నిలుస్తుందని గ్రహించాలి.

ఖనిజం మాట కూడా అంతే. ఆరు దశాబ్దాలకు పైగా తవ్విన దల్లీ-రాజ్‌హరా నిల్వలు తరిగిపోవడంతో బస్తర్ వైపు అడవులలోని రావ్‌ఘాట్ కొండలపై దృష్టి పడింది. అటు రైలుమార్గ నిర్మాణం కూడా చేపట్టారు. ఆ అడవిని నమ్ముకొని బతికే గిరిజన గ్రామాలకు నగరం ఏమి బదులు ఇవ్వగలదు? నగరం పచ్చగా ఉన్నదా అని అడిగేటప్పుడు దాని వీధులలోని చెట్లను మాత్రమే లెక్కించరాదు. దాని కోసం ఎక్కడ ఏ కొండ తరుగుతున్నదో కూడా లెక్కలో చేర్చాలి.

పౌరుని కర్తవ్యం

కర్మాగారం చేయగలిగినది ఇల్లు కూడా చేయగలదు. ఛత్తీస్‌గఢ్‌లోనే ఉత్తరాన ఉన్న అంబికాపూర్ పట్టణం ఇందుకు నిదర్శనం. 2015 నుండి అక్కడ స్వయం సహాయక బృందాల స్త్రీలు ఇంటింటికీ వెళ్లి తడిచెత్తను, పొడిచెత్తను వేరువేరుగా సేకరిస్తున్నారు. తడిచెత్తను ఎరువుగా మార్చి, పొడిచెత్తను రకాలవారీగా విడదీసి అమ్మి ఆదాయం పొందుతున్నారు. పూర్వం చెత్త గుట్టలుగా పడివున్న స్థలం ఉద్యానవనమైంది. అక్కడ పెద్ద యంత్రాలు చేసినది తక్కువ. చెత్త పుట్టిన చోటనే దానిని విడదీసిన మనుషులు చేసినది ఎక్కువ.

భిలాయి చిట్టెం, అంబికాపూర్ చెత్త ఒకే పాఠం చెబుతున్నాయి. వ్యర్థమనేది వస్తువులో లేదు. దానిని కలగాపులగం చేసి విడిచిపెట్టే మన అలవాటులో ఉన్నది. అయితే ఉన్న వ్యర్థాన్ని వాడుకోవడం మొదటి మెట్టు మాత్రమే. అసలు ఎంత తవ్వాలి, ఎంత కాల్చాలి, ఎంత వాడాలి అన్నది తరువాతి మెట్టు. ఆ మెట్టు ఎక్కవలసినవారు నేటి విద్యార్థులే. ముందుగా తమ పాఠశాల నుండి ఒక్కరోజులో వెలువడే చెత్తను తూచి, అది ఎక్కడికి పోతున్నదో విచారించి చూడడం వారి చదువుకు మంచి ప్రారంభం కాగలదు.