టైడ్‌స్ప్రింగ్: యుద్ధనౌకల దాహం తీర్చిన నౌక

ఎడిన్‌బర్గ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లలను ఇక్కడి జంతుప్రదర్శనశాలకు ఒక్కసారైనా తీసుకొనిపోనివారు అరుదు. అక్కడి పెంగ్విన్లను చూచి "ఇవి ఎక్కడినుండి వచ్చినవి?" అని పిల్లలు అడిగితే చెప్పవలసిన సమాధానంలోనే ఈ వ్యాసానికి మొదలున్నది. 1913లో ప్రారంభమైన ఆ ప్రదర్శనశాలకు తొలి కింగ్ పెంగ్విన్లు దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని సౌత్ జార్జియా దీవినుండి వచ్చినవి. వాటిని తెచ్చినవి మన లీత్ రేవుకు చెందిన క్రిస్టియన్ సాల్వెసన్ కంపెనీవారి తిమింగిల వేట నౌకలు. 1909లో ఆ కంపెనీ ఆ దీవిలో తిమింగిలాలనుండి నూనె తీసే కేంద్రాన్ని నెలకొల్పి దానికి తమ ఊరి పేరే పెట్టుకున్నది: లీత్ హార్బర్. 1965లో ఆ కేంద్రం మూతపడినది. తుప్పుపట్టిన బాయిలర్లు, నూనె తొట్లు, ఇనుపరేకుల షెడ్లు మాత్రం అక్కడ మిగిలిపోయినవి.

ఆ పాత ఇనుమును విప్పి తీసుకొనిపోవుటకు 1979లో కాన్‌స్టాంటీనో డేవిడాఫ్ అనే అర్జెంటీనా వర్తకుడు సాల్వెసన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. 1982 మార్చి 19న అతని పనివారు అర్జెంటీనా నౌకాదళపు రవాణా ఓడలో లీత్ హార్బర్‌కు చేరి, బ్రిటిష్ అధికారుల అనుమతి పొందకుండానే దిగి, తమ దేశపు జెండా ఎగురవేశారు. అక్కడినుండి వ్యవహారం శరవేగంగా ముదిరినది. ఏప్రిల్ 2న ఫాక్‌లాండ్ దీవులు, 3న సౌత్ జార్జియా అర్జెంటీనా వశమైనవి. పాత ఇనుము బేరం ఒక్కటే యుద్ధానికి కారణమని అనలేము గాని, నిప్పురవ్వ పడిన చోటు మాత్రం ఎడిన్‌బర్గ్ రేవు పేరు పెట్టుకున్న ఆ పాడుపడిన కేంద్రమే.

ఈ యుద్ధాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా విమానవాహక నౌకలను, క్షిపణులను వర్ణిస్తారు. నేను ఒక నూనె ఓడను గురించి వ్రాయదలచినాను. దాని పేరు టైడ్‌స్ప్రింగ్.

ఎడిన్‌బర్గ్‌నుండి రైలులో గంటన్నర దూరంలో ఉన్న టైన్ నది ఒడ్డున, హెబర్న్ అనే ఊరిలో హాథార్న్ లెస్లీ కంపెనీ ఈ నౌకను నిర్మించినది. 1962 మే 3న అది నీటిలోనికి దిగినది. 1963 జనవరిలో సేవలో చేరినది. పొడవు 583 అడుగులు. ఆవిరి టర్బైన్ల శక్తి 15,000 అశ్వశక్తి. ఖాళీగా ఉన్నప్పుడు 8,531 టన్నులు తూగే ఈ నౌక పూర్తి భారంతో 27,400 టన్నులు తూగేది. అనగా తన బరువుకు రెండింతలకు మించిన బరువును కడుపులో మోసేదన్నమాట. బాయిలర్లలో మండే చమురు, డీజిల్, హెలికాప్టర్లకు వలసిన కిరోసిన్ వంటి ఇంధనం వేరువేరు గదులలో ఉండేవి. వెనుకభాగంలో హెలికాప్టర్లు వాలుటకు వేదిక, వాటిని దాచుటకు షెడ్డు ఉండేవి. ఇందులో పనిచేసినవారు సైనికులు కారు. 1905లో ఏర్పడిన రాయల్ ఫ్లీట్ ఆక్సిలరీ అనే పౌర నావికుల సంస్థకు చెందినవారు. జీతానికి ఓడ నడిపే ఉద్యోగులు, యుద్ధం వస్తే యుద్ధనౌకల వెంట పోవలసినవారు.

యుద్ధనౌకకు ఇటువంటి తోడు ఎందుకు కావాలి? లెక్క చాలా సులభం. సౌత్ జార్జియాకు పోయిన ఫ్రిగేట్ ప్లిమత్‌ను తీసుకొందాము. ఆ తరగతి నౌకలలో సుమారు 400 టన్నుల ఇంధనం పట్టేది. దానితో గంటకు 12 నాటికల్ మైళ్ళ నిదానపు వేగంతో పోతే దాదాపు 4,000 నాటికల్ మైళ్ళు ప్రయాణం చేయవచ్చును. బ్రిటన్‌నుండి ఫాక్‌లాండ్ దీవులకు దూరం 8,000 మైళ్ళు. అనగా సగం దారిలో ఇంధనం అయిపోతుంది. పైగా యుద్ధంలో నిదానంగా పోవుట సాగదు. నౌకను నడుపుటకు కావలసిన శక్తి వేగానికి ఘనంగా, అనగా మూడవ ఘాతంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. ప్రయాణకాలం సగమవుతుంది కనుక అదే దూరానికి ఇంధనం నాలుగు రెట్లు ఖర్చవుతుంది. ఇది ఉజ్జాయింపు సూత్రమే అయినా, ఏ నౌకాధిపతికైనా రాత్రి నిద్ర పట్టనీయని సూత్రం. ఇంకొక చిక్కు ఏమంటే, అడుగున ఉన్న ఇంధనపు బరువే నౌకకు నిలకడ ఇస్తుంది. కనుక తొట్టి పూర్తిగా ఖాళీ అయ్యేవరకు ఎవరూ ఆగరు. దారిలో పలుమార్లు నింపుకోవలసిందే.

నడిసముద్రంలో నింపుకొనే పద్ధతి చూడదగినది. రెండు నౌకలు ముప్ఫై నలభై మీటర్ల ఎడంతో పక్కపక్కనే, ఒకే దిశలో, ఒకే వేగంతో, సాధారణంగా 12 నాట్ల వేగంతో సాగుతాయి. ట్యాంకర్‌నుండి మొదట సన్నని తాడును తుపాకితో విసురుతారు. ఆ తాడును లాగితే లావు తాడు, దాని వెంట ఉక్కు మోకు వస్తాయి. ఆ మోకుకు కప్పీలతో వ్రేలాడుతూ లావైన రబ్బరు గొట్టం అవతలి నౌకను చేరుతుంది. అలలకు నౌకలు దగ్గరై దూరమైనా మోకు బిగువు సడలకుండా, తెగకుండా ట్యాంకర్‌లోని యంత్రం దానిని వదులుతూ, చుట్టుతూ ఉంటుంది. అప్పుడు గంటకు వందల టన్నుల చమురు పారుతుంది.

నౌకలు ఆగి ఎందుకు నింపుకోవు అని సందేహం కలుగవచ్చు. ఆగిన నౌకకు చుక్కాని పనిచేయదు. నీరు చుక్కాని పలక మీదుగా ప్రవహిస్తేనే నౌక మాట వింటుంది. ఆగిన నౌకను అలలు తమ ఇష్టం వచ్చినట్లు త్రిప్పివేస్తాయి. జలాంతర్గామికి అది కదలని గురి కూడా. అయితే కదులుటలో వేరొక ప్రమాదమున్నది. రెండు కాగితాలను దగ్గరగా పట్టుకొని మధ్యలో ఊదితే అవి విడిపోవుటకు బదులు అంటుకొనుట మనం బడిలో చూచినదే. రెండు నౌకల మధ్య ఇరుకైన దారిలో నీరు వేగం పుంజుకుంటుంది. బెర్నూలీ సూత్రం ప్రకారం అక్కడ పీడనం తగ్గుతుంది. నౌకల నడుములు ఒకదానినొకటి ఆకర్షిస్తాయి. ముక్కుల దగ్గర మాత్రం ఎదురునీటి ఒత్తిడి ఎక్కువ కనుక అవి వికర్షిస్తాయి. ఒక నౌక కొంచెం ముందుకో వెనుకకో జరిగితే ఈ బలాల పొందిక మారిపోతుంది. కనుక చుక్కాని పట్టినవాడు గంటల తరబడి ఒకటి రెండు డిగ్రీల తేడాతో సవరించుకుంటూ ఉండాలి. గోదావరిలో పక్కపక్కగా పోయే లాంచీలు దగ్గరైనప్పుడు సరంగులు కేకలు వేసుకొనుట చూచినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ట్యాంకర్ కడుపులోనూ భౌతికశాస్త్రం ఉన్నది. నిండుకుండ తొణకదు అన్న సామెత నౌకా నిర్మాణానికి అక్షరాలా వర్తిస్తుంది. నిండిన తొట్టిలో ద్రవం కదలదు. సగం ఖాళీ అయిన తొట్టిలో మాత్రం నౌక ఒరిగిన వైపుకే ద్రవం పరుగెత్తి ఆ ఒరుగును ఇంకా పెంచుతుంది. ఈ దోషం తొట్టి వెడల్పుకు మూడవ ఘాతంగా పెరుగుతుంది. నిలువు గోడలు కట్టి వెడల్పును మూడు సమభాగాలు చేస్తే ఒక్కొక్క భాగంలో దోషం ఇరవైయేడవ వంతు, మూడూ కలిపితే తొమ్మిదవ వంతు మాత్రమే మిగులుతుంది. చమురును ఇతర నౌకలకు ఇచ్చుటే పనిగా గల ఓడ ఎప్పుడూ సగం ఖాళీగానే ఉంటుంది గదా! అందుకే ఏ తొట్టినుండి ఎంత తీయాలి, ఏ తొట్టిలో సముద్రపు నీరు నింపి బరువు నిలపాలి అనే లెక్క రాత్రింబగళ్ళు సాగుతూనే ఉంటుంది.

ఇక కథలోనికి వద్దాము. 1982 ఏప్రిల్ మొదటి వారంలో జిబ్రాల్టర్ పరిసరాలలో విన్యాసాలలో ఉన్న టైడ్‌స్ప్రింగ్‌కు దక్షిణానికి పొమ్మని ఆజ్ఞ వచ్చినది. అసెన్షన్ దీవిలో 42వ కమాండోకు చెందిన ఎమ్ కంపెనీ సైనికులు దానిపై ఎక్కినారు. రెండు వెసెక్స్-5 హెలికాప్టర్లు కూడ దానిపైనే ఉన్నవి. యాంట్రిమ్, ప్లిమత్ అనే యుద్ధనౌకలతోను, దక్షిణాన కలిసిన ఎండ్యూరెన్స్‌తోను అది సౌత్ జార్జియా దిశగా సాగినది. వేల టన్నుల చమురు నింపిన ఓడపై నూరుమందికి పైగా సైనికులను కూర్చోబెట్టుట ఎవరికీ ఇష్టమైన ఏర్పాటు కాదు. వేరు ఓడ లేదు కనుక చేసినారు.

ఏప్రిల్ 21న ప్రత్యేక దళంవారు ఫార్చునా హిమానీనదంపై హెలికాప్టర్లతో దిగినారు. ఆ రాత్రి వీచిన మంచుతుఫానులో గుడారాలు ఎగిరిపోయినవి. మరునాడు వారిని తిరిగి తెచ్చుటకు పోయిన టైడ్‌స్ప్రింగ్ వెసెక్స్‌లు రెండూ ఒకదాని వెంట ఒకటి కూలినవి. కారణం తెల్లని చీకటి అనదగిన స్థితి. ఆకాశం తెలుపు, నేల తెలుపు, మధ్య మంచుపొడి తెలుపు. క్షితిజరేఖ కనబడదు, ఏది పైనో ఏది క్రిందో కంటికి తెలియదు, లోపలిచెవి చెప్పేది కూడ భ్రమే అవుతుంది. వెసెక్స్-5 మనుషులను మోయుటకు చేసిన యంత్రం, రాడార్ లేదు. యాంట్రిమ్‌పై ఉన్న వెసెక్స్-3 పాతదే అయినా జలాంతర్గాములను వెదకుటకు చేసినది కనుక రాడార్‌, స్వయంచాలిత నియంత్రణ ఉన్నవి. లెఫ్టినెంట్ కమాండర్ ఇయాన్ స్టాన్లీ దానిని మళ్ళీ నడుపుకొని పోయి, మోయదగిన బరువును మించి ఎక్కించుకొని మిగిలినవారినందరినీ తెచ్చినాడు. ఒక్క ప్రాణం కూడ పోలేదు. నా దృష్టిలో ఆ యుద్ధమంతటిలోను ఇంతటి అద్భుతం మరొకటి లేదు.

23న జలాంతర్గామి భయం వచ్చినది. టైడ్‌స్ప్రింగ్‌ను వెంటనే దూరసముద్రానికి పంపివేసినారు. యుద్ధనౌక ఒకటి పోతే ఒక నౌక పోయినట్లు. ఉన్న ఒక్క ట్యాంకర్ పోతే అన్ని నౌకలూ నిలిచిపోయినట్లు. ఫలితం విచిత్రమైనది. 25న అర్జెంటీనా జలాంతర్గామి సాంటా ఫే హెలికాప్టర్ల దాడిలో దెబ్బతిని గ్రిత్‌వికెన్ సమీపాన ఒడ్డు చేరినది. వెంటనే దాడి చేయవలసిన సమయం. ఆ పనికై తెచ్చిన ఎమ్ కంపెనీ మాత్రం ట్యాంకర్‌తో పాటు రెండువందల మైళ్ళ దూరంలో ఉన్నది. మేజర్ గై షెరిడన్ యుద్ధనౌకలపై ఉన్నవారిలోనుండే డెబ్బైయైదుగురిని పోగుచేసుకొని దిగినాడు. నౌకల ఫిరంగుల మోతకే శత్రుదళం లొంగిపోయినది. మరునాడు లీత్ హార్బర్ కూడ లొంగినది. ట్యాంకర్‌ను దూరంగా పంపుట తప్పా ఒప్పా అని తరువాత వాదించినవారున్నారు. నా మట్టుకు అది ఒప్పే అనిపిస్తున్నది.

ఆపై టైడ్‌స్ప్రింగ్‌కు వచ్చిన పని ఏ నౌకానిర్మాత ఊహించనిది. సైనికులు, పాత ఇనుము విప్పవచ్చిన పనివారు కలిసి నూటయాభైమందికి పైగా బందీలను మే నెలలో అది అసెన్షన్ దీవికి చేర్చినది. అక్కడినుండి వారు ఉరుగ్వే మీదుగా స్వదేశానికి పోయినారు.

టైడ్‌స్ప్రింగ్ సోదరనౌక టైడ్‌పూల్ కథ మరింత వింత. ఖర్చు తగ్గింపులో భాగంగా దానిని చిలీ దేశానికి అమ్మివేసి అప్పగించుటకు పంపుతుండగా యుద్ధం వచ్చినది. చిలీవారిని అడిగి మళ్ళీ వాడుకొని, యుద్ధం ముగిసిన పిమ్మట వారికి అప్పగించినారు. టైడ్‌స్ప్రింగ్ మరి తొమ్మిదేళ్ళు పనిచేసినది. ప్లిమత్ 1982 జులైలో మన ఫోర్త్ నదీముఖంలోని రోసైత్ స్థావరానికి తిరిగివచ్చినది.

రోసైత్ పేరు వచ్చినది కనుక ఒక మాట. మొదటి ప్రపంచయుద్ధంలో అక్కడి నౌకాదళానికి చమురు తేవలసిన ట్యాంకర్లు స్కాట్లాండ్ ఉత్తరాన జలాంతర్గాముల మధ్యగా చుట్టి రావలసి వచ్చేది. ఆ ముప్పు తప్పించుటకు 1918లో క్లైడ్ తీరపు ఓల్డ్ కిల్‌పాట్రిక్‌నుండి ఫోర్త్ తీరపు గ్రేంజ్‌మౌత్‌కు కాలువ వెంట 35 మైళ్ళకు పైగా గొట్టాలు పరచినారు. ఆ గ్రేంజ్‌మౌత్‌లోనే 1924లో ప్రారంభమైన చమురుశుద్ధి కర్మాగారం 2025 ఏప్రిల్‌లో ముడిచమురు శుద్ధిని నిలిపివేసినది.

1991లో సేవనుండి విరమించిన టైడ్‌స్ప్రింగ్‌ను 1992లో గుజరాత్ తీరంలోని అలంగ్‌కు తెచ్చినారు. అక్కడ ఆటుపోట్ల తేడా పది మీటర్ల వరకు ఉంటుంది. పెద్దపోటు నాడు ఓడను పూర్తివేగంతో ఒడ్డుకెక్కిస్తే, నీరు తీసినప్పుడు అది బురదనేలపై నిలిచిపోతుంది. రేవు, క్రేను లేకుండానే ఓడను ముక్కలు చేయుటకు ప్రకృతి ఇచ్చిన సదుపాయమది. ఆ యుద్ధంలో బ్రిటిష్ దళానికి ధ్వజనౌకగా నిలిచిన హెర్మీస్ 1987లో మన విరాట్‌గా మారి, 2017లో విరమించి, 2020లో అదే తీరానికి చేరినది.

టైడ్‌స్ప్రింగ్ పేరు మాత్రం మిగిలియున్నది. దక్షిణ కొరియాలో నిర్మించిన కొత్త టైడ్‌స్ప్రింగ్ 2017లో సేవలో చేరినది. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు భారత నౌకాదళానికి ఇటువంటి సరఫరా నౌకలను అయిదింటిని, ఒక్కొక్కటి దాదాపు 44,000 టన్నులవి, నిర్మించుటకు 2023 ఆగస్టులో ఒప్పందం చేసుకున్నది. మొదటి నౌకకు 2024 ఏప్రిల్‌లో ఉక్కు కోత మొదలైనది.