నీ ఫర్నేసు సంగతి

ఇందల్వాయి

బిడ్డా,

నీ ఉత్తరం మీ నానమ్మకు రెండుసార్లు చదివి వినిపించిన. విన్నిపెగ్‌ల కొన్న పాత ఇంటికి 1,20,000 బీటీయూల ఫర్నేసు పెట్టిస్తనన్న కాడ నా నోరు ఆగింది. "అంత చలికి పెద్దదే మంచిది గదా" అన్నది ఆమె. కాదు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీల బాయిలర్ కాడ చేసినోన్ని, నా మాట విను.

పాత ఫర్నేసు లక్షది కాబట్టి ఇంకో 20,000 పెంచుమన్నడట మీ మేస్త్రి. టేపు బయటికి తీసిండా? అటక ఎక్కి చూసిండా? బయట మైనస్ 33 డిగ్రీలుంటే ఏ గదిల నుంచి ఎంత వేడి పోతదో లెక్క కట్టే పద్ధతి ఉన్నది, కెనడాల దాన్ని సీఎస్ఏ ఎఫ్280 అంటరు. ఆ లెక్క చేతికిచ్చినోనితోనే బేరం చెయ్యి. అది 50,000 అని తేలితే, నూటికి 96 పాళ్లు వేడినిచ్చే 60,000 ఫర్నేసు 57,600 ఇస్తది. ఇంకెందుకు?

నాకు పదహారేండ్లప్పుడు బాపు నన్ను పసుపు కడాయి కాడ కూసోబెట్టి స్టేషన్ దిక్కు పోయిండు. జల్ది అయిపోవాల్నని మొద్దులన్నీ పొయ్యిల దూర్చిన. అడుగు కాడిది చితికింది, మీద ఉన్నదానికి పుల్ల దిగలే. బాపు వచ్చి ఒక్క మాటనలే. కాలిన నా చెయ్యికి ఆ పసుపే నూరి రాసిండు. చిన్నప్పుడు నువ్వు పట్టుకొని పండుకున్న మచ్చ అదే.

పెద్ద ఫర్నేసు గూడ అట్లనే. థర్మోస్టాట్ ఉన్న హాలు గబుక్కున వేడెక్కంగనే ఆరుతది, వెనుక గదులు చల్లగనే ఉంటయి. జరసేపటికి మళ్ల అంటుకుంటది. ఊకె అంటుకొని ఆరుడుతోని మిషన్ అరుగుతది.

అసలైతే ముందుగాల సందులు చూడు. సందులు, బిడ్డా! కిటికీ చౌకట్లు, అటక మూత, బేస్‌మెంట్ గోడ మీద దూలాలు ఆనిన కాడ, కరెంటు డబ్బాల వెనుక, తలుపు కింద. గాలి బాగ కొట్టే రోజు అగరుబత్తి పట్టుకొని ఇల్లంతా తిరుగు, పొగ వంగిన కాడల్లా చాక్‌పీస్‌తోని గీత కొట్టు. అన్నీ మూసినంకనే కొలిపియ్యి, లెక్క ఇంకా తగ్గుతది. మా ఇంట్ల సందుల్లేవా అని నవ్వకు. మాకు జనవరిల ఒక్క గొంగడి చాలు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగదుల బయట పెట్టు, ఆ పని ఈ ఆదివారమే. చెవులు కప్పుకుంటున్నవా? కోడలు అన్నం సక్కగ తింటున్నదా?

నానమ్మ పసుపు పంపుతున్నది. అగరుబత్తి కట్ట గూడ అండ్లనే పెట్టిన.

నీ తాత