ఇంజను మార్చే ముందు

మదనపల్లె దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో వదినా మరదళ్లు ఇద్దరు ఉన్నారు. ఇద్దరూ రాత్రిబడిలో చదువు నేర్చుకున్నారు. పొదుపు సంఘంలో అప్పు తీసుకున్నారు. సరుకు మోసే పాత మారుతి ఓమ్ని వ్యాను ఒకటి కొన్నారు. రోజూ తెల్లవారుజామున ఊరి టమోటాలు మదనపల్లె మార్కెట్టుకు చేరవేస్తారు. మరదలే బండి నడుపుతుంది.

ఒకరోజు దారిలో బండి వేడెక్కింది. వేడిని చూపే ముల్లు ఎర్రగీత దాటింది. "మార్కెట్టు వచ్చేసింది కదా" అని మరదలు బండి ఆపలేదు. కాసేపటికి ఆవిరి లేచింది. ఇంజను ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు.

మెకానిక్ వచ్చి విప్పి చూశాడు. "రేడియేటరు కారి నీళ్లన్నీ పోయినాయి. ఇంజను పట్టేసింది. బ్లాకు కూడా చిట్లింది. బోరు చేయించినా లాభం లేదు. వేరే ఇంజను వేయాల్సిందే అక్కా" అన్నాడు.

ఇద్దరికీ దిగులు పట్టుకుంది. నెలనెలా కంతు కట్టాలి. బండి తిరగకుంటే కంతు ఎట్లా కట్టేది?

ముగ్గురూ కలిసి పాత సామాన్ల అంగడికి పోయారు. అంగడాయన ఒక ఇంజను చూపించాడు. "ఇది మారుతి 800 కారుది. మీదీ మారుతీనే కదమ్మా! ఇదీ మూడు సిలిండర్లే. ఇదీ 796 సీసీనే. తీసుకుపోండి" అన్నాడు. ధర కూడా తక్కువే. మరదలు డబ్బు తీయబోయింది. వదిన ఆపింది. "ఉండు. కొలత చూడకుండా రవికె కూడా కుట్టించుకోం కదా!" అంది.

సీసీ ఒకటైతే చాలదు

మెకానిక్ ఇలా చెప్పాడు: "800 కారులో ఇంజను ముందు బానెట్ కింద అడ్డంగా ఉంటుంది. ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కింద నిలువుగా, బండి పొడవునా ఉంటుంది. పొడవాటి షాఫ్టుతో వెనక చక్రాలను తిప్పుతుంది. అందుకే గేరుబాక్సు అమరే తీరు వేరు. ఇంజనును బిగించే చోట్లు వేరు. దీన్ని ఇట్లే తెచ్చి ఓమ్నిలో పెడితే కూర్చోదు."

"ఓమ్ని ఇంజను అయినా ఇంకొకటి చూడాలి. పాత ఓమ్నిలో కార్బురేటరు ఉండేది. తర్వాత వచ్చిన వాటిలో కంప్యూటరు పెట్టె పెట్రోలును కొలిచి పంపుతుంది. రెండింటి వైర్లు, పైపులు వేరు. మన బండి ఏ రకమో ఆ రకమే వెతకాలి."

ఒక్క అంకె తేడా

అంగడిలో ఓమ్ని ఇంజను కూడా ఒకటి ఉంది. దాని పాత బండి కాగితం కూడా ఉంది. వదిన గుడ్డతో నూనె మరక తుడిచింది. ఇంజను మీద చెక్కిన నంబరును వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివింది. మరదలు కాగితంలో చూసింది. కాగితంలో చివరి అంకె 3. ఇంజను మీద 8.

"ఒక్క అంకెకు ఏమవుతుందమ్మా?" అన్నాడు అంగడాయన.

"ఒక్క అంకె మారితే అది వేరే బండి ఇంజను. దొంగబండిది అయితే రేపు పోలీసులు మా ఇంటికే వస్తారు" అంది వదిన. ముగ్గురూ బయటికి వచ్చేశారు.

నాలుగు రోజులు తిరిగారు. ఇంకో అంగడిలో నంబరు కలిసిన ఇంజను దొరికింది. రసీదు మీద ఇంజను నంబరు రాయించుకున్నారు. ముందు రేడియేటరు బాగు చేయించారు. ఆ తర్వాతే ఇంజను బిగించారు. రేడియేటరు కారుతూనే ఉంటే కొత్తగా వేసిన ఇంజను కూడా పోతుంది కదా!

గుర్తు పెట్టుకోండి

1. పాత ఇంజను ఎందుకు చెడిందో మొదట తెలుసుకోండి. ఆ లోపం సరిచేయండి.

2. బండి రకం, తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా, ఎన్ని సీసీ అనేవి ఆర్.సి.లో చూడండి. కొనే ఇంజనుతో పోల్చండి.

3. గేరుబాక్సు, బిగించే చోట్లు, వైర్లు సరిపోతాయో లేదో మెకానిక్‌కు చూపించి అడగండి.

4. ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయేమో అని అనుమానించాలి.

5. ఇంజనును చేత్తో తిప్పించి చూడండి. తిరగకపోతే కొనకండి. కంప్రెషన్ మీటరు పెట్టించి ప్రతి సిలిండరునూ చూపించండి.

6. నంబరు అరగదీసి ఉంటే, కాగితంతో కలవకపోతే కొనకండి.

7. ఇంజను మార్చాలనుకుంటే ముందుగా రవాణా శాఖ ఆఫీసులో అడగండి. మార్చిన 14 రోజుల లోపల ఆర్.సి. తీసుకుపోయి తెలపాలి. కొత్త నంబరు రాయించుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో ఈ మాట ఉంది. ఇన్సూరెన్సు వాళ్లకు కూడా తెలపండి.

జాగ్రత్త! వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే వెంటనే బండి ఆపండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకండి. మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

ఇప్పుడు వదినా మరదళ్ల బండి మళ్లీ మార్కెట్టుకు పోతోంది. ముల్లు కాస్త పైకి లేస్తే చాలు, మరదలు బండి పక్కకు తీసి ఆపుతుంది.

చెప్పండి

1. 800 కారు ఇంజను ఓమ్నిలో ఎందుకు కూర్చోదు?

2. వదిన రెండో ఇంజను ఎందుకు వద్దంది?

3. మొదట రేడియేటరు ఎందుకు బాగు చేయించారు?

చేయండి

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ బండి ఉందా? దాని ఆర్.సి. అడిగి తీసుకోండి. ఇంజను నంబరు ఎక్కడుందో వెతకండి. పైకి చదవండి. మీ నోటుపుస్తకంలో రాయండి. ఒక్క అంకె కూడా తప్పు పోకూడదు.