పెద్దాయన ఖాళీ చేసిన సీట్లో

మీకంటే పేరున్న మనిషి ఉద్యోగం మానేశాడు. ఆ సీట్లో మిమ్మల్ని కూర్చోబెట్టారు. ఇక ప్రతిదానికీ ‘సార్ ఉన్నప్పుడైతేనా...’ అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఏం చేస్తారు?

1966లో లండన్ కుర్రాడు, గిటారిస్టు పీటర్ గ్రీన్‌కి ఇదే పరీక్ష ఎదురైంది. జాన్ మేయల్ నడిపే ‘బ్లూస్‌బ్రేకర్స్’ సంగీత బృందం నుంచి గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వెళ్లిపోయాడు. క్లాప్టన్ దేవుడని అభిమానులు గోడల మీద రాస్తున్న రోజులవి. ఆయన బదులు గ్రీన్ వచ్చేసరికి రికార్డింగ్ ప్రొడ్యూసర్ మైక్ వెర్నన్ కంగారుపడ్డాడు. కొన్నాళ్లు ఆగి చూడమన్నాడు మేయల్.

గ్రీన్‌కి అప్పుడు 19 ఏళ్లు. ఆ వయసులో ఎవరైనా క్లాప్టన్ కంటే వేగంగా వాయించి చూపిద్దామనుకుంటారు. పులిని చూసి నక్క వాత పెట్టుకునే పని అది. గ్రీన్ పెట్టుకోలేదు. 1967లో వచ్చిన ‘ఎ హార్డ్ రోడ్’ ఆల్బమ్‌లో ‘ద సూపర్‌నేచురల్’ వినండి. ఒక్క స్వరం పట్టుకుని, అది సాగినంతసేపూ సాగనిస్తాడు. అలాంటి చోట చెయ్యి ఊరుకోదు, నాలుగు సంగతులు వేసెయ్యాలనిపిస్తుంది. ఆయన వేయడు. మనమైతే కొత్త ఆఫీసులో మొదటి మీటింగులోనే మనకు వచ్చిందంతా ఒలకబోసేస్తాం. మీరు తగ్గండి. ఒక్క పని ఎంచుకుని మీ తీరులో చేయండి.

అదే ఏడాది గ్రీన్ సొంత బృందం పెట్టాడు. దానికి తన పేరు పెట్టుకోలేదు. డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్, బేస్ గిటారిస్టు జాన్ మెక్‌వీ పేర్లు కలిపి ‘ఫ్లీట్‌వుడ్ మాక్’ అన్నాడు. తమాషా ఏమిటంటే, మెక్‌వీ ఇంకా అందులో చేరనే లేదు! 1968లో 18 ఏళ్ల గిటారిస్టు డానీ కిర్వాన్‌ని తీసుకున్నాడు. మరుసటి ఏడాది ‘దెన్ ప్లే ఆన్’ ఆల్బమ్‌లో దాదాపు సగం పాటలు ఆ కుర్రాడికే వదిలేశాడు. మన టీమ్ లీడర్లలో ఎంతమందికి అంత మనసుంది?

అలాగని ఆయన జీవితమంతా ఆదర్శమని చెప్పను. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు జోలికి వెళ్లాడు, మనసు చెదిరింది. 1970లో బృందం వదిలేశాడు. స్కిజోఫ్రెనియా అని తేలి ఆసుపత్రుల పాలయ్యాడు. దీన్ని కళాకారుడి వైరాగ్యమని పొగిడేవాళ్లున్నారు. నాకది మింగుడుపడదు. అది జబ్బు, జబ్బుకి వైద్యం కావాలి. మళ్లీ వేదికెక్కి ‘స్ప్లింటర్ గ్రూప్’ అనే బృందంతో నిలదొక్కుకునేసరికి 1990లు వచ్చేశాయి.

2020 జులైలో, 73 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన లేని ‘ఫ్లీట్‌వుడ్ మాక్’ 1977లో తెచ్చిన ‘రూమర్స్’ కోట్లలో అమ్ముడైంది. బృందం పేరు మాత్రం ఆయన పెట్టిందే.