మెదడు తరంగాలు - మతిమరుపు జోస్యం

గత వేసవిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయినిని ఆమె కుమారుడు నా వద్దకు తీసుకొని వచ్చినాడు. ఆమె వయస్సు 71 సంవత్సరాలు. పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోవడం, చెప్పినదే చెప్పడం ఆరేడు నెలలుగా జరుగుతున్నదట. పట్నంలో తలకు ఇ.ఇ.జి. పరీక్ష చేయించినారు. మందగతి తరంగాలు హెచ్చుగా ఉన్నవని, ముందుముందు జ్ఞాపకశక్తి క్షీణించే సూచన కలదని ఆ కాగితంలో ఉన్నది. ఆనాటినుండి బీరువా తాళాలు కోడలి చేతికి, పింఛను పుస్తకం కుమారుని చేతికి వెళ్ళినవి.

"నేను ఇంకా ఎక్కడికీ పోలేదు కదయ్యా, నా తాళాలు మాత్రం పోయినవి" అని ఆమె నాతో అన్న మాట నన్ను బాధించింది. మన ఇళ్ళలో ఇటువంటి కాగితాలు ఇకముందు తరచు కనబడగలవు గనుక వాటిని ఎట్లు చదువుకొనవలెనో చెప్పడం అవసరమని తోచింది.

జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మానవ మస్తిష్కంలోని విద్యుత్ కదలికను మొదటిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించినాడు. తలపై జిగురు వంటి లేపనంతో చిన్న బిళ్ళలు అమర్చి, లోపలినుండి వచ్చే అతిస్వల్పమైన విద్యుత్తును యంత్రం గీతలుగా గీస్తుంది. తలలోకి కరెంటు పంపరు. నొప్పి ఉండదు. మెలకువగా ఉండి కనులు మూసుకొన్న ఆరోగ్యవంతునికి తల వెనుక భాగంలో సెకనుకు 8 నుండి 13 సార్లు లేచిపడే తరంగం కనబడుతుంది. దీనిని ఆల్ఫా అన్నారు. కనులు తెరవగానే ఇది అణగిపోతుంది. 4 నుండి 8 వరకు థీటా, అంతకు తక్కువైనది డెల్టా. ఇవి మగతలోను, నిద్రలోను సహజం.

ఈ పరీక్ష దూరాన నిలబడి తిరునాళ్ళ సందడి వినడం వంటిది. జనం మేలుకొని ఉన్నారా, మాగన్నుగా ఉన్నారా అని తెలుస్తుంది. ఎవరు ఏమి మాటాడుతున్నారో తెలియదు. ఒక్క జ్ఞాపకం కూడ ఆ గీతలలో చదువుటకు వీలులేదు.

అయితే ఆ సందడి నెమ్మదించుటలో అర్థం లేకపోలేదు. అల్జీమర్స్ వ్యాధిలో ఆల్ఫా వేగం తగ్గి, థీటా పెరుగుతుందని చాలాకాలంగా తెలుసు. వ్యాధి బయటపడకముందే ఈ మార్పును పట్టుకొనగలమా అని న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలవారు పరిశోధించి 2006లో ప్రకటించినారు. మతిమరుపు వస్తున్నదని తామే చెప్పుకొన్నవారిని, పరీక్షలలో మాత్రం ఏ లోపమూ లేనివారిని 44 మంది వృద్ధులను తీసుకొని, మొదట తరంగాలు నమోదు చేసి, 7 నుండి 9 సంవత్సరాలు గమనించినారు. 27 మందికి జ్ఞాపకశక్తి క్షీణించింది, 17 మంది నిలకడగా ఉన్నారు. మొదటినాటి తరంగాలను బట్టి ఎవరు ఏ వర్గంలో చేరుదురో సుమారు నూటికి 90 పాళ్ళు సరిగా చెప్పగలిగినారు. ఇది గొప్ప విషయమే, కాదనను.

కాని ఆ 90ని మన ఇంటి పెద్దలకు అన్వయించేముందు చిన్న లెక్క వేయవలెను. అక్కడ సగానికి మించినవారు క్షీణించినవారే. మన ఊరిలో ఏ చిక్కూ లేని 100 మంది వృద్ధులకు ఇదే పరీక్ష చేసినామనుకొనండి. వారిలో రాబోవు సంవత్సరాలలో 10 మందికే ఆ గతి పట్టవలసి ఉన్నదనుకొనండి. నూటికి 90 పాళ్ళు సరియైన పరీక్ష ఆ 10 మందిలో 9 మందిని పట్టుకొంటుంది. మిగిలిన 90 మంది ఆరోగ్యవంతులలో 9 మందిని పొరపాటుగా రోగులంటుంది. కాగితంపై చెడు రాత పడిన 18 మందిలో సగం మందికి ఏమీ లేదన్నమాట! ఆ తొమ్మిదిమంది తాళాలు ఎవరు తిరిగి ఇస్తారు?

మరొక సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. తరంగాలు నెమ్మదించుటకు అల్జీమర్స్ ఒక్కటే కారణం కాదు. థైరాయిడ్ మాంద్యం, బి12 విటమిను లోపం, రక్తంలో సోడియం తగ్గుట, కాలేయ మూత్రపిండ దోషాలు, కొన్ని మందులు, కడకు పరీక్ష సమయంలో పట్టిన కునుకు కూడ ఆ పని చేయగలవు. వీటిలో చాలావరకు సరిదిద్దదగినవి.

ఇది నేను పుస్తకం చదివి చెబుతున్న మాట మాత్రమే కాదు. సుమారు పాతికేళ్ళ క్రితం మా వీధిలోని ఒక పెద్దమనిషికి మతిమరుపు అంటే వార్ధక్యమని తలచి ఎనిమిది నెలలు సారస్వతారిష్టం ఇచ్చినాను. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, వైశాఖంలో కూడ దుప్పటి కప్పుకొనేవారు. అన్నీ చూచినాను, ఒకచోట చేర్చి ఆలోచించలేదు. ఇంకొక వైద్యుడు రక్తపరీక్ష చేయించగా థైరాయిడ్ మాంద్యమని తేలింది. నాడి ఒక్కటి పట్టి రోగం చెప్పబోతే మా గురువుగారు, "నాలుక చూచినావా, నిద్ర అడిగినావా, మలం అడిగినావా?" అని గద్దించేవారు. ఆ గద్దింపు నాకు ఆలస్యంగా పనిచేసింది. నాడి ఒక్కటి చాలనట్లే తరంగం ఒక్కటీ చాలదు.

ఉపాధ్యాయినిగారి నాలుక నున్నగా, ఎర్రగా ఉన్నది. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నవి. మధుమేహానికి 12 సంవత్సరాలుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, శాకాహారి, భర్త పోయిననాటినుండి పాలు పెరుగు కూడ తగ్గించినారు. ఆ మందు దీర్ఘకాలం వాడినవారికి బి12 తగ్గవచ్చును. రక్తపరీక్ష చేయించి, మధుమేహం చూచే వైద్యునివద్దకే పంపినాను. ఊహించినట్లే లోపం ఎక్కువగా ఉన్నది. ఆయన సూదిమందులు ప్రారంభించినారు.

మరి మన మందులు ఏమి చేయగలవని పాఠకులు అడుగుదురు. చరకుడు నాలుగు మేధ్య రసాయనాలు చెప్పినాడు: మండూకపర్ణి అనగా సరస్వతీ ఆకు రసం, పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద. బ్రాహ్మి విషయంలో ఈ కాలపు చిన్న పరీక్షలలో 12 వారాలు సేవించినవారికి నేర్చినదానిని నిలుపుకొనుటలో కొంత మేలు కనబడింది. అంతవరకే. అల్జీమర్స్‌ను ఆపినట్లు ఏ మూలికకూ ఋజువు లేదు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్యపత్రికలలో వచ్చింది. అతిమధురం రక్తపోటును పెంచగలదు. కనుక వైద్యుని అడగక మొదలుపెట్టరాదు. మధుమేహం, రక్తపోటు మందులను ఎవరు చెప్పినా స్వయంగా మానరాదు.

స్మృతికి ఎనిమిది కారణాలు చెబుతూ చరకుడు అభ్యాసాన్ని, మరల వినుటను కూడ చేర్చినాడు. వినికిడి తగ్గినవారికి మరల వినే భాగ్యమెక్కడ? 2024లో లాన్సెట్ సంఘంవారు డిమెన్షియాకు సరిదిద్దదగిన 14 కారణాలను లెక్కించినారు. వాటిలో చెవుడు, చూపు మందగించుట, రక్తపోటు, మధుమేహం, పొగత్రాగుట, కదలక కూర్చొనుట, ఒంటరితనం ఉన్నవి. ఇంటిపని అంతా లాగుకొని పెద్దలను మూల కూర్చోబెట్టడం వారిని ఆ చివరి రెండింటివైపు నెట్టడమే.

మతిమరుపు రోజువారీ పనికి అడ్డు వచ్చినా, ఎరిగిన దారి తప్పినా, డబ్బు లెక్క తారుమారైనా, నాడీమండల వైద్యునికి తప్పక చూపవలెను. ఉన్నట్లుండి ఒక రోజులో తికమక మొదలైతే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఇ.ఇ.జి. కాగితాన్ని వెంట తీసుకొనిపోండి, కాని దానిని చూపేముందు వాడుతున్న మందులన్నిటి పేర్లు చెప్పండి.

ఐదు నెలల తరువాత ఉపాధ్యాయినిగారు మరల వచ్చినారు. పాత విద్యార్థుల పేర్లు ఇప్పటికీ తడబడుతున్నవి. అవి పూర్తిగా తిరిగివస్తవని నేను మాట ఇవ్వలేదు. పాలలెక్క మాత్రం తామే వ్రాస్తున్నారట. ఆరు నెలలకొకసారి చూపించుకొనవలెనని కుమారునికి చెప్పినాను. వెళ్ళేటప్పుడు ఆమె కొంగున తాళాలగుత్తి ఉన్నది.