వాంతి ఎన్నో రోజున? బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత సందేహాలు

బరువు తగ్గించే ఆపరేషన్ల మీద వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ప్రశ్న ఒకటే: వాంతులకు ఏ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది? నేను ముందు అడిగేది మాత్రం ఆపరేషన్ అయి ఎన్ని రోజులైందని. మొదటి రెండు రోజుల వాంతికి నరానికి ఇచ్చే మందే అసలు వైద్యం. మూడో వారంలో అదే మందు లోపలి జబ్బును కప్పిపుచ్చవచ్చు. అందుకే ఈసారి ఉత్తరాలను దాదాపుగా రోజుల వరుసలో తీసుకున్నాను.

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. వచ్చే నెల స్లీవ్ ఆపరేషన్. బస్సెక్కితే చాలు, వాంతులు. పెళ్ళికి ముందు అపెండిక్స్ తీసినప్పుడు మత్తు దిగాక రోజంతా డోకులే. ఈసారి ఏకంగా కడుపునే కోస్తారంటే భయంగా ఉంది. ముందే మందేమైనా ఇస్తారా? మాత్రలు చాలవా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ఇస్తారమ్మా, ఇచ్చి తీరాలి కూడా. నాకు రాసిన ఈ రెండు సంగతులూ మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మత్తు తర్వాత ఎవరికి వాంతులవుతాయో అంచనా కట్టడానికి అప్ఫెల్ అనే వైద్యుడి బృందం 1999లో ప్రకటించిన నాలుగు ప్రశ్నల లెక్కనే ఇప్పటికీ వాడుతున్నాం. రోగి స్త్రీనా? పొగతాగే అలవాటు లేదా? ప్రయాణాల్లో గానీ, ఇంతకుముందు మత్తు తర్వాత గానీ వాంతులయ్యాయా? ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ జాతి నొప్పి మందులు పడబోతున్నాయా? ఇందులో మూడు ఉంటే నూటికి సుమారు 60 మందికి, నాలుగూ ఉంటే సుమారు 80 మందికి వికారమో వాంతో వస్తుంది. మీకు కనీసం రెండు ఉన్నాయి, బహుశా మూడు. పైగా స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నాలుగింట మూడు వంతులకు పైగా తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. ఆ గొట్టం లోపల వాపు, ఒత్తిడి ఉన్నన్నాళ్ళూ గుక్కెడు నీళ్ళు కూడా వెనక్కి తన్నవచ్చు.

అందుకే ఒక్క మందును నమ్ముకోరు. మెదడులో వాంతిని రేపే దారులు చాలా ఉన్నాయి, ఒక్కో మందు ఒక్కో దారిని మూస్తుంది. మత్తు ఇచ్చిన వెంటనే డెక్సామెథసోన్ నరంలోకి ఇస్తారు. మెలకువగా ఉన్నప్పుడు గబుక్కున ఎక్కిస్తే కింది భాగంలో విపరీతమైన మంట పుడుతుంది కాబట్టి నిద్రపోయాకే ఇవ్వడం మంచిది. ఆపరేషన్ ముగిసే వేళకు ఓండాన్‌సెట్రాన్ 4 మిల్లీగ్రాములు ఇస్తారు, లేదా దాని జాతిదే అయిన పాలోనోసెట్రాన్ 0.075 మిల్లీగ్రాములు ముందే ఇస్తారు. ఈ రెండోది ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది. సగానికి తగ్గడానికే దాదాపు 40 గంటలు పడుతుంది. మీలాంటి వారికి మూడో జాతి మందు అప్రెపిటాంట్‌ను ఆపరేషన్‌కు ముందు మాత్రగా కలపవచ్చు. వీటితోపాటు మత్తు ఇచ్చే పద్ధతీ ముఖ్యమే. పీల్చే వాయువులు లేకుండా ప్రొపోఫాల్‌ను నరం ద్వారా ఇస్తూ ఆపరేషన్ నడిపితే వాంతుల బెడద బాగా తగ్గుతుంది. నొప్పికి మార్ఫిన్ జాతి బదులు నరానికి పారాసెటమాల్ ఇవ్వడమూ అంతే మేలు. ఈ రెండూ కుదురుతాయా అని మీరే అడగండి. అడగడం మీ హక్కు.

ఇక మాత్రల సంగతి. ఆపరేషన్ అయ్యాక వాపెక్కిన కడుపులో మాత్ర కరగాలి, కిందికి దిగాలి, ఈలోగా వాంతిలో పోకూడదు. సూది మందుకు ఈ గొడవ లేదు. ఇంటికి వెళ్ళాక నాలుక మీద కరిగే ఓండాన్‌సెట్రాన్ బిళ్ళలు రాసిస్తారు. మీకు షుగరు ఉంటే మాత్రం డెక్సామెథసోన్‌తో ఒకటి రెండు రోజులు అది పెరుగుతుంది, చూసుకుంటూ ఉండాలి.

ప్రశ్న: మా ఆవిడకు స్లీవ్ అయిన రాత్రంతా ఖాళీ డోకులు. ఓండాన్‌సెట్రాన్ ఇచ్చిన రెండు గంటలకే మళ్ళీ మొదలు. ఇంకోటి వేయమంటే నర్సు కుదరదన్నారు. వేరే మందు ఇచ్చారు, కాసేపటికి మెడ ఒక పక్కకు లాగేసింది. ఫిట్స్ అనుకుని హడలిపోయాం. మరో సూదితో తగ్గింది. ఆ డోకులకు లోపలి కుట్లు తెగి ఉంటాయా?
– కాకినాడ నుంచి ఒక భర్త

సమాధానం: నర్సు సరిగ్గానే చేశారండీ. ఓండాన్‌సెట్రాన్ ఇచ్చిన ఆరు గంటల లోపు అదే మందు మళ్ళీ ఇస్తే అదనపు లాభం ఉండదు. వేరే జాతి మందుకు మారాలి. మెడ లాగిన తీరు చూస్తే ఆ రెండోది మెటోక్లోప్రమైడ్ అయి ఉండాలి. చాలా చోట్ల పెరినార్మ్ పేరుతో వాడతారు. వయసులో ఉన్న ఆడవాళ్ళలో దీనివల్ల ఒక్కోసారి మెడ, దవడ, కళ్ళు బిగుసుకుపోతాయి. అది ఫిట్స్ కాదు, విరుగుడు ఇస్తే నిమిషాల్లో సర్దుకుంటుంది. అయితే ఆ మందు పేరు ఆమె ఫైలు పైన ఎర్ర సిరాతో రాయించండి. మళ్ళీ ఎక్కడా ఇవ్వకూడదు.

కుట్ల విషయానికొస్తే, డోకుల వల్లనే అవి ఊడడం అరుదు. భయపడాల్సింది వేరే గుర్తులకు. నాడి నిమిషానికి 120 దాటి అక్కడే నిలవడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, కడుపునొప్పి గంటగంటకూ పెరగడం. వీటిలో ఏదున్నా లోపల కారుతోందేమోనని వెంటనే స్కాన్ చేయించాలి. ఇంటికి వెళ్ళిన పది రోజుల తర్వాత కూడా ఈ కారడం మొదలు కావచ్చు. అందుకని డిశ్చార్జి అయ్యాక కూడా నాడి చూస్తూ ఉండండి.

ప్రశ్న: అక్కకు స్లీవ్ అయి ఐదు వారాలు. మూడో వారం నుంచి ఏం తాగినా వాంతే. ఊళ్ళో ఆర్‌ఎంపీ రోజూ ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించి వాంతి సూది వేస్తున్నారు. వేసిన పూట బాగుంటుంది. నాలుగు రోజులుగా నడిస్తే తూలుతోంది, వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయంటోంది. నీరసమే అంటున్నారు అందరూ. నిజమేనా?
– పల్నాడు జిల్లా నుంచి ఒక చెల్లెలు

సమాధానం: ఇది నీరసం కాదమ్మా. మీ ఉత్తరం చేరిన రోజే ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాం. ఇలాంటి ఇల్లు మరొకటి ఉండవచ్చని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

విటమిన్ బి1ను, అంటే థయమిన్‌ను, మన ఒళ్ళు పెద్దగా దాచుకోలేదు. తిండి ఆగిపోతే రెండు మూడు వారాల్లో నిల్వ అడుగంటుతుంది. గ్లూకోజ్ నుంచి శక్తి తీయాలంటే కణాలకు థయమిన్ కావాలి. అది లేని మనిషికి గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్త కూడా ఖర్చయిపోతుంది, మెదడు దెబ్బతింటుంది. దీన్ని వెర్నికే జబ్బు అంటాం. తూలడం, చూపు రెండుగా కనబడడం లేదా కనుగుడ్లు వణకడం, తికమకగా మాట్లాడడం దాని గుర్తులు. మూడూ ఒకేసారి కనిపించేది కొద్దిమందిలోనే. ఒక్కటి కనబడినా వైద్యం మొదలుపెట్టాలి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

కోస్తాకు ఈ లోపం కొత్త కాదు. బాగా పాలిష్ పట్టిన బియ్యమే తిండిగా ఉన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి చాలా ఉండేది. తవుడుతోపాటు పోయే థయమిన్ లేకనే ఆ జబ్బు. ఇప్పుడది ఆపరేషన్ దారిలో మళ్ళీ వస్తోంది. చూసేవాళ్ళకు ఆ ఆలోచన తట్టకపోవడమే నన్ను బాధపెడుతోంది.

వైద్యం కష్టమైనది కాదు, ఖరీదైనదీ కాదు. జబ్బు అనుమానం ఉంటే థయమిన్ నరానికి 200 నుంచి 500 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, సెలైన్‌లో కలిపి అరగంటసేపు ఎక్కిస్తారు. రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగకూడదు. స్కాన్ మామూలుగా ఉన్నా మానకూడదు. మెగ్నీషియం తక్కువైతే థయమిన్ పనిచేయదు, అదీ చూసి సరిచేయాలి. పొటాషియం కూడా చూడాలి. వాంతులతో అది పడిపోయి ఉన్నప్పుడు ఓండాన్‌సెట్రాన్ పదేపదే ఇస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

ఆర్‌ఎంపీ గారు మేలు చేద్దామనే చేసి ఉంటారు. ఆయనకు నా మాటగా ఇది చెప్పండి: ఆపరేషన్ అయినవారికి వాంతులు రెండు మూడు రోజులు దాటితే గ్లూకోజ్ సీసా ముట్టకండి. పెద్దాసుపత్రికి పంపేలోగా మామూలు సెలైన్ గానీ రింగర్స్ లాక్టేట్ గానీ పెట్టండి. ముందు థయమిన్ పడాలి, తర్వాతే గ్లూకోజ్. బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ వేశాం కదా అనుకోవద్దు. అందులో థయమిన్ ఎంత ఉందో పెట్టె మీద చదవండి, ఈ జబ్బుకు చాలకపోవచ్చు.

ఇంతకీ మూడో వారంలో వాంతులు ఎందుకు మొదలయ్యాయి? స్లీవ్ గొట్టం మధ్య మలుపు దగ్గర ఇరుకైతే ఇలాగే అవుతుంది. ఎండోస్కోపీ చేసి చూడాలి, బెలూన్‌తో వెడల్పు చేయవచ్చు. ఎన్ని వాంతి సూదులు వేసినా ఇరుకు తెరుచుకోదు.

ప్రశ్న: నాకు షుగరు ఉంది. ఆపరేషన్ అయిన ఐదో రోజు విపరీతంగా వాంతులు, ఆయాసం. షుగరు చూస్తే 160 మాత్రమే. మళ్ళీ అడ్మిట్ చేసుకుని కీటోన్లు అంటూ ఏదో చెప్పారు. షుగరు అంత తక్కువ ఉంటే అదెలా?
– హైదరాబాద్

సమాధానం: మీ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ ఉందేమో చూడండి. ఇవి షుగరును మూత్రంలోకి వదిలేస్తాయి. తిండి దాదాపు లేని ఆ రోజుల్లో ఒళ్ళు కొవ్వును కరిగించి కీటోన్లను పోగేస్తుంది, మీటరు మీద అంకె మాత్రం మామూలుగానే ఉంటుంది. అందుకే వీటిని ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ఇక్కడ వాంతికి మందు ఇన్సులిన్. దాంతోపాటు గ్లూకోజ్ కూడా ఎక్కించాల్సిందే, దానికి ముందు థయమిన్.

ప్రశ్న: రెండు నెలలైంది. మిగతావన్నీ నిలుస్తున్నాయి, అన్నం, చపాతీ తింటేనే వాంతి. సూది వేయించుకోనా?
– నిజామాబాద్

సమాధానం: వద్దు. గబగబా తినడం, పెద్ద ముద్ద, తింటూ నీళ్ళు తాగడం, ఈ మూడే ఎక్కువగా కారణం. పప్పు, పెరుగు, గుడ్డు ముందు తినండి. అన్నం మెత్తగా, రెండు చెంచాలతో మొదలుపెట్టండి. నీళ్ళు తిండికి అరగంట ఎడంగా తాగండి. అయినా తగ్గకపోతే ఎండోస్కోపీ చేయించుకోండి. నెల తప్పి ఉంటే ముందు గర్భ పరీక్ష చేసుకోండి. బరువు తగ్గితే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, కానీ బరువు వేగంగా తగ్గుతూ పోషకాలు చాలని కాలం కాబట్టి ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటాం.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. రెండేళ్ళ క్రితం అక్కడే బైపాస్ చేయించుకున్నాను. విజయవాడ వచ్చినప్పుడు మెలిపెట్టే కడుపునొప్పి, వాంతులు. గ్యాస్ అని సూది వేసి పంపారు. తగ్గింది గానీ రెండుసార్లు మళ్ళీ వచ్చింది.
– ఒక పాఠకుడు

సమాధానం: బైపాస్‌లో పేగును మళ్ళించి కలుపుతారు. బరువు తగ్గి లోపలి కొవ్వు కరిగాక ఆ కలిపిన చోట సందులు ఏర్పడి, పేగు అందులో ఇరుక్కుని, తనంతట తాను బయటికి జారవచ్చు. నొప్పి వచ్చి పోవడం అందుకే. ఎప్పుడైనా బయటికి రాకుండా ఇరుక్కుపోతే గంటల్లో పేగు చచ్చిపోతుంది. నొప్పి ఉన్నప్పుడే సీటీ స్కాన్ తీయించాలి. స్కాన్‌లో ఏమీ కనబడకపోయినా నొప్పి తగ్గకుంటే లాపరోస్కోపీతో లోపల చూడాల్సిందే. డాలస్ ఆసుపత్రి ఆపరేషన్ నోట్సు తెప్పించి ఫోన్‌లో పెట్టుకోండి. ఈసారి నొప్పి వస్తే క్యాజువాలిటీలో మొదట చెప్పాల్సిన మాట “నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది” అని.